ఇండస్ట్రీ వచ్చేసింది, మనుషులందరూ రాలేదు

(కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారం అండి. వెనక వరసకి వినపడుతోందా? సరే. ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, మైకులో గాలి చప్పుడు వస్తోంది.

మొన్న నేను మద్రాసు వెళ్ళొచ్చాను. ఒక్క రోజే, పొద్దున దిగి రాత్రికి మళ్ళీ బండెక్కేశాను. ఆ మాట సెక్రటరీ గారితో అంటే, అయితే టీచరమ్మా ఆదివారం మీరే మాట్లాడాలి అన్నారు. ఎందుకంటే ఈ హాల్లో చూడండి, సగం మంది మద్రాసులో సినిమావాళ్ళ పేటలు కోడంబాకం, వడపళని, సాలిగ్రామం నుంచి వచ్చినవాళ్ళే, కాకపోతే వాళ్ళ పిల్లలు, మనవలు. మన హైదరాబాదులో ఇటు కృష్ణానగర్ కి పోయినా అటు చిత్రపురికి పోయినా ఏ వీధిలో అయినా ఒక ఇంట్లో మద్రాసు కబురు ఉంటుంది. చెన్నై అని పేరు మార్చింది 1996లో, మేం అప్పటికే వచ్చేశాం, అందుకని నా నోటికి మద్రాసు అనే వస్తుంది.

నేను చెప్పదల్చుకుంది ముందే చెప్పేస్తాను, తర్వాత మాటల్లో పడి ఎటో పోతాను కాబట్టి. తెలుగు సినిమా ఇండస్ట్రీ మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చేసింది అంటుంటాం కదా. టీవీలో అదే, ఇంటర్వ్యూల్లో అదే. ఇండస్ట్రీ అంటే ఎవరండీ? హీరోలు వచ్చారు, నిర్మాతలు వచ్చారు, డైరెక్టర్లు వచ్చారు, మా నాన్నలాంటి పనివాళ్ళు కొంతమంది వచ్చారు. రాలేనివాళ్ళు రాలేదు. వాళ్ళు అక్కడే ఉన్నారు, అవే వీధుల్లో, అవే లైను ఇళ్ళల్లో. వాళ్ళ మనవలు ఇప్పుడు బడికి పోతున్నారు. వాళ్ళ గురించి ఏ మీటింగులోనూ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు, అందుకే ఈ పూట ఒప్పుకున్నాను.

మా నాన్నది తెనాలి దగ్గర పల్లె. వడ్రంగి. తెనాలి వైపు నుంచి నాటకాలవాళ్ళు ఎట్లా పోయారో పనివాళ్ళూ అట్లాగే పోయారు మద్రాసుకి, ముందు పోయినాయన ఒక కార్డు రాసేవాడు, పని ఉంది రారా అని, అంతే, సంచీలో ఉలీ సుత్తీ రంపం పెట్టుకుని రైలెక్కేవాళ్ళు. నాన్న వాహినీలో సెట్టింగు పనిలో కుదిరాడు. విజయా-వాహినీ అంటే ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని చెప్పుకునే రోజులు అవి. ఒక ఫ్లోర్లో, అంటే షూటింగు షెడ్డులో, తెలుగు, పక్క ఫ్లోర్లో తమిళం, ఇంకో దాంట్లో హిందీ. బయట చెట్టు కింద అన్ని భాషల వేషాలవాళ్ళూ ఒకేచోట కూర్చుని ఇడ్లీ తినేవాళ్ళు, ఒకాయన కిరీటం పక్కన పెట్టుకుని తింటుంటే ఇంకొకాయన పోలీసు డ్రస్సులో సాంబారు పోసుకునేవాడు.

ఇక్కడున్న పిల్లల కోసం సెట్టు పని అంటే ఏంటో కొంచెం చెప్తాను. ఇప్పుడు గ్రీన్ మ్యాటూ గ్రాఫిక్సూ ఉన్నాయి కదా, అప్పుడు అన్నీ చెక్కే. రాత్రంతా కూర్చుని రీపర్లు కొట్టి, ప్లైవుడ్డు బిగించి, గోనెగుడ్డ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లో ముంచి అతికించి రాజమహల్ లేపేవాళ్ళు. పొద్దున తొమ్మిదింటి కాల్షీటుకి, అంటే షూటింగు షిఫ్టుకి, రంగు ఆరాలి. ఆరకపోతే పెడెస్టల్ ఫ్యాన్లు తెచ్చి గోడకి ఎదురుగా పెట్టేవాళ్ళు, మా నాన్న ఒక్కోసారి తన చొక్కాతోనే విసిరేవాడంట. ప్యాకప్ చెప్పాక, సీను అయిపోయింది అన్నాక, ఆ మహల్ ని చెక్క చెక్కా విప్పి గోడౌన్లో పెట్టాలి, మేకులు కూడా పారెయ్యరు. మా ఇంట్లో మూల ఒక డాల్డా డబ్బా నిండా వంకర మేకులుండేవి. ఎండాకాలం సెలవుల్లో నాకూ మా తమ్ముడికీ అదే పని, రాయి మీద పెట్టి సుత్తితో తిన్నగా కొట్టడం. తెర మీద దర్బారు సీను వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ హీరో కనపడడు, ఆ స్తంభంలో నేను తిన్నగా కొట్టిన మేకులు ఎన్ని ఉన్నాయో అని చూస్తాను, నిజంగా.

సరే, ప్రయాణం దగ్గరికొస్తాను. నేనూ మా అమ్మాయీ చార్మినార్ ఎక్స్‌ప్రెస్ లో వెళ్ళాం. పూర్వం ఆ బండి దిగితే సెంట్రల్, ఎర్ర బిల్డింగు, గడియారం స్తంభం. ఇప్పుడది సెంట్రల్ కి పోవట్లేదు, ఎగ్మోర్ మీదుగా తాంబరం పోతోంది. కాబట్టి ఎగ్మోర్లో దిగాం. స్టేషను బయటికొస్తే కిందనే మెట్రో, అక్కణ్ణుంచి వడపళనికి బండి మారే పని కూడా లేదు. చాలా దూరం భూమి లోపలే పోయి కోయంబేడు దగ్గర పైకి లేస్తుంది. కోయంబేడు నుంచి ఆలందూరు దాకా ఉన్న ముక్కే మద్రాసులో మొట్టమొదట వేసిన మెట్రో, 2015 జూన్ లో, మన వడపళని స్టేషను అందులోదే. పల్లవన్ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ తిరిగిన రోడ్డుని పై నుంచి చూస్తూ వెళ్ళాను. మా అమ్మాయి అమ్మా నీకు ఏమనిపిస్తోంది అని అడుగుతూనే ఉంది, ఆ వయసు పిల్లలకి వెంటనే ఒక జవాబు కావాలి కదా, నేను ఆగవే ముందు దిగనీ అన్నాను.

ఆర్కాట్ రోడ్డు ఆర్కాట్ రోడ్డులాగా లేదు. ఎక్కడ చూసినా మెట్రో రెండో దశ పని, లైట్‌హౌస్ నుంచి పూందమల్లి దాకా వేస్తున్న లైను, పెద్ద పెద్ద పిల్లర్లు. ఆళ్వార్ తిరునగర్ వైపు పోతే ఒకే పిల్లర్ల మీద కింద ఒక లైను పైన ఒక లైను, రెండంతస్తులు. ఏవీఎం స్టూడియో వాళ్ళు పాత కార్లూ పాత షూటింగ్ సామానూ పెట్టి 2023లో మ్యూజియం తెరిచారు, మాకు టైం చాలక లోపలికి వెళ్ళలేదు, మీలో ఎవరైనా వెళ్తే తప్పకుండా చూడండి. మా వాహినీ ఫ్లోర్లు ఉన్న స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది, 2013లో తెరిచారు. పక్కనే విజయా హాస్పిటల్, అది మాత్రం నా చిన్నప్పటిదే, విజయా స్టూడియో నాగిరెడ్డి గారు 1972లో పెట్టింది. చందమామ ఆఫీసు కూడా వడపళనిలోనే ఉండేది, ఆ పుస్తకమూ ఇప్పుడు లేదు. మాల్ లోపలికి వెళ్ళి కాఫీ తాగాం. చెడ్డగా ఏం అనిపించలేదు నాకు. ఫ్లోరు అంటేనే కట్టడం, కూల్చడం. నాన్న ఉండుంటే ఆ ఫాల్స్ సీలింగు చూసి, ఈ జాయింట్లు ఎవడు కొట్టాడురా అని తిట్టేవాడు.

నాకు కావలసింది మాల్ కాదు, వెనక సందు. మురుగన్ గుడి నుంచి నడుచుకుంటూ పోతే మేమున్న లైను ఇళ్ళు. ఒకే కాంపౌండు, ఎదురెదురు వరసలు, ఒక్కో వాటా అంటే ఒక గది ఒక వంటిల్లు, అందరికీ కలిపి రెండు పాయిఖానాలు, మధ్యలో చేతి పంపు. కాంపౌండులో కార్పెంటర్లు, లైట్‌మాన్లు, టైలర్లు, ఒక మేకప్ అసిస్టెంటు, ఇద్దరు డాన్సర్లు. నెల్లూరు, తెనాలి, చిత్తూరు, మదురై, అందరూ. ఇప్పుడు ముందు వరస పడగొట్టి మూడంతస్తుల అపార్ట్‌మెంటు కట్టారు. వెనక వరస మాత్రం అట్లాగే ఉంది, రేకులు మారాయి అంతే. గేటు దగ్గర నిలబడి చూస్తుంటే ఒక ముసలావిడ మోడా మీద కూర్చుని మల్లెపూలు కడుతోంది. మేం పూలక్క అనేవాళ్ళం, గుడి ముందు పూలు అమ్మేది. సూళ్ళూరుపేట దగ్గరి మనిషి. నేను ఎవరో చెప్పకముందే, ఏందమ్మే, మేస్త్రీ కూతురివి కదా, ఇన్నాళ్ళకి తావు తెలిసిందా నీకు అంది. నేను అక్కడే కింద కూర్చున్నాను.

పూలక్క ఇంటాయన లైట్‌మాను. ఫ్లోరు పైకప్పు కింద చెక్కలు కట్టి ఉండేవి, వాటి మీద నడుస్తూ పెద్ద లైట్లు తిప్పేవాడు, కింద నుంచి కెమెరామాన్ గారు అరిస్తే ఇంచు అటు ఇంచు ఇటు. ఆ లైట్ల వేడికి పైన నిలబడ్డవాళ్ళ సంగతి ఆలోచించండి. మంచి పనివాడు అని నాన్న చెప్పేవాడు. మరి ఆయన హైదరాబాదు ఎందుకు రాలేదు?

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఇండస్ట్రీ ఒక రోజున సామాను సర్దుకుని రాలేదు కదా. ఇక్కడ సారథి స్టూడియో 1950ల నుంచే ఉంది. 1976లో అన్నపూర్ణ వచ్చింది. రాష్ట్రంలో తీస్తే సబ్సిడీ అని, పన్ను రాయితీ అని గవర్నమెంటు ఇచ్చేది, దాంతో ముందు అవుట్‌డోర్ షూటింగులు ఇటు రావడం మొదలైంది. కానీ రికార్డింగు, ల్యాబు, డబ్బింగు చాలా ఏళ్ళు మద్రాసులోనే జరిగాయి. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చేటప్పటికి ఇక మొత్తం ఇక్కడే. అంటే ఇరవై ఏళ్ళు పట్టిందండీ. ఆ ఇరవై ఏళ్ళలో డబ్బున్నవాళ్ళకి రెండు ఊళ్ళలోనూ ఇళ్ళుండేవి, ఫ్లైటులో తిరిగారు. రోజు కూలికి పనిచేసేవాడికి ఆ అవకాశం లేదు. వాడు ఏదో ఒక రోజు తేల్చుకోవాలి, ఉండాలా పోవాలా అని. తేల్చుకున్న రోజు తప్పు రోజైతే రెండు చోట్లా పని లేదు.

పైగా కార్డు. మద్రాసు యూనియను కార్డు ఇక్కడ పనికిరాదు. ఇక్కడ వేరే యూనియను, కొత్తగా డబ్బు కట్టాలి, ఎవరో ఒకరు మాట చెప్పాలి. మా నాన్నకి ఒక ఆర్ట్ డైరెక్టరు గారు మాటసాయం చేశారు కాబట్టి దొరికింది. పూలక్క ఇంటాయన రెండు సార్లు వచ్చి వెళ్ళాడంట, ఒకసారి మా ఇంట్లోనే వారం ఉన్నాడు, నాకు గుర్తుంది. పని దొరకలేదు. అక్కడికి పోయి తమిళ సినిమాలకే చేసుకుంటానమ్మా, లైటుకి భాష ఏముంది అని వెళ్ళిపోయాడు. తర్వాత నడుం పడిపోయింది, ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మాన్ గా చేసి, కొన్నేళ్ళ కింద పోయాడు. పూలక్క ఇదంతా పూలు కడుతూనే చెప్పింది, మాట ఆగలేదు, చెయ్యీ ఆగలేదు.

(శ్రోతల్లోంచి ఒకరు: మా బాబాయి కూడా అట్లాగే ఉండిపోయాడండీ, సాలిగ్రామంలో.)

చూశారా. ఇప్పుడు అడిగితే ఈ హాల్లోనే పది మంది లేస్తారు. మీతో తర్వాత మాట్లాడతానండీ, వెళ్ళిపోకండి.

మధ్యలో నీళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, పూలక్క అన్న మాట కాబట్టి. మా చిన్నప్పుడు మద్రాసులో నీళ్ళంటే యుద్ధం. అర్ధరాత్రి పంపులో నీళ్ళొస్తాయని బిందెలు వరస పెట్టి పడుకునేవాళ్ళం, లారీ వస్తే ఇక జుట్టూ జుట్టూ పట్టుకోవడమే. 1983లో తెలుగు గంగ ఒప్పందం అయింది, కృష్ణా నీళ్ళు శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా పూండి చెరువుకి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకుంటే, దారిలో ఆవిరయ్యేది పోను 12 టీఎంసీలు మద్రాసుకి చేరాలని లెక్క. ఒప్పందం చేసుకున్న ఇద్దరు ముఖ్యమంత్రులు ఎవరు? ఎన్టీఆర్ గారు, ఎంజీఆర్ గారు. ఇద్దరూ మా వాహినీ ఫ్లోర్లలో మేకప్ వేసుకున్నవాళ్ళే. మా కాంపౌండులో ఆ రోజు స్వీట్లు పంచారు. నీళ్ళు వచ్చేసరికి 1996 అయింది, అప్పటికి మేం లేం. పూలక్క అంటుంది, మీరు పోయినాక మీ నీళ్ళు వచ్చినాయి అమ్మే అని. మా నీళ్ళు ఏంటక్కా, నీదీ సూళ్ళూరుపేటే కదా, కాలవ మీ వైపు నుంచే కదా వచ్చేది అన్నాను. 2019లో మాత్రం మళ్ళీ చెరువులన్నీ ఎండిపోయాయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, ఆ ఎండల్లో ఆ వయసులో ఆవిడ మళ్ళీ బిందె పట్టుకుని నిలబడిందంట.

ఇక అసలు విషయం. పూలక్క మనవరాలు ఎనిమిదో క్లాసు. శనివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. చక్కగా తెలుగు మాట్లాడుతుంది, నాయనమ్మ యాసే, ఉండాది పోతా ఉండా అంటూ ముద్దుగా. నేను రైల్లో చదవడానికి కొన్న వారపత్రిక చేతికిచ్చాను. బొమ్మలు చూసి తిరిగి ఇచ్చేసింది. పెద్దమ్మా నాకు చదవను రాదు అంది. తమిళం ఫస్టు, ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగు ఒక్క అక్షరం రాదు. వాళ్ళ నాన్నకీ రాదు. పూలక్క ఎప్పుడూ బడికి పోలేదు. ఆ ఇంట్లో తెలుగు చదివే మనిషి ఒక్క పూలక్క ఇంటాయనే, ఆయన పోయాడు.

అప్పుడు పూలక్క లోపలికి పోయి ఒక సంచి తెచ్చింది. అందులో ఆయన నోటుబుక్కులు. పొడుగు పుస్తకాలు, కిరాణా కొట్లో ఖాతా రాసుకునేవి ఉంటాయి చూడండి, అట్లాంటివి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఏ రోజు ఏ స్టూడియో, ఏ ఫ్లోరు, ఎన్నింటి కాల్షీటు, ఓటీ అంటే ఓవర్‌టైము ఎంత, బేటా అంటే రోజు భత్యం ఎంత, ఎవరు బాకీ, అన్నీ రాసి పెట్టుకున్నాడు, గుండ్రటి చేతిరాత. ఇవి ఏముండాయో చదువు అమ్మే, ఆయన పోయినాక ఎవురూ చదవలేదు అంది. నేను చదవడం మొదలుపెట్టాను. వాహినీ, తొమ్మిది గంటల కాల్షీటు, ఓటీ రెండు గంటలు. భరణీ, రాత్రి కాల్షీటు, బేటా ముట్టలేదు. ఫలానా కంపెనీ, మూడు రోజుల బాకీ, అడగాలి. ఒక చోట రాశాడు, ఈ రోజు పై చెక్క మీద నుంచి ఒక కుర్రాడు జారాడు, తాడు పట్టుకున్నాను, బతికాడు, అని. ఇంకే వివరమూ లేదు, కింద మళ్ళీ బేటా లెక్క. ఇంకో చోట, పాప పుట్టింది, కాల్షీటుకి పోలేదు. ఆ పాప అంటే ఈ పిల్ల మేనత్త. ఆ పిల్ల ఇదంతా ఫోన్లో రికార్డు చేసుకుంది, పెద్దమ్మా ఇంకోసారి చదవండి, మెల్లగా చదవండి అని. పూలక్క ఆ కుర్రాడి సంగతి ఆయన తనకి ఎప్పుడూ చెప్పలేదంది.

ఆ పుస్తకాల్లో ఉన్నది మన సినిమా చరిత్ర అండీ, నేను పెద్ద మాటే అంటున్నాను, ఆలోచించే అంటున్నాను. హీరో ఎన్ని సినిమాలు చేశాడో అందరూ రాశారు. లైటు మోసినవాడికి రాత్రి కాల్షీటుకి ఎంత ఇచ్చారో, ఇచ్చారో లేదో, రాసింది ఆయన ఒక్కడే. ఆ ఇంట్లో అది చదివేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం ఆ పిల్లని కూడా వెంటపెట్టుకుని టీ నగర్ వెళ్ళాం, నేను చదివిన తెలుగు మీడియం స్కూలు చూద్దామని. ఆ ఊరి మధ్యలో ఆ పేట ఎవరి పేరు మీద ఉంది? టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు, తెలుగాయన, జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరు. పానగల్ పార్కు ఎవరిది? పానుగంటి రామరాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టర్, అంటే ఇప్పటి ముఖ్యమంత్రిలాంటి పదవి. జి.ఎన్. చెట్టి రోడ్డు కూడా తెలుగాయనదే. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ గారి ఇల్లు, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల గారి ఇల్లు. ఇవన్నీ వేలితో చూపిస్తూ చెప్పుకుంటూ పోయాను, మా అమ్మాయి, ఆ పిల్ల ఇద్దరూ శ్రద్ధగానే విన్నారు. కానీ నాకు లోపల ఒకటే అనిపిస్తోంది, బోర్డుల మీద పేర్లు ఎన్ని ఉంటే ఏం, ఈ పిల్లకి తాత చేతిరాత చదవడం రావట్లేదు కదా అని.

స్కూల్లో ఒక మేడం గారు కాసేపు మాట్లాడారు. తెలుగు మీడియంలో చేర్చేవాళ్ళు తగ్గిపోయారమ్మా అన్నారు. దానికి ఒక్కటే కారణం కాదు. తమిళనాడులో 2006లో చట్టం చేశారు, ఒకటో క్లాసు నుంచి మొదలుపెట్టి ఏడాదికొక క్లాసు చొప్పున పదో క్లాసు దాకా తమిళం తప్పనిసరి. తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళం పిల్లల తరఫున కోర్టులకి పోతే పదో క్లాసు పరీక్షకి మినహాయింపులు దొరికాయి. నా మాట చెప్తాను, తమిళం నేర్చుకోవాల్సిందే. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళో ఉద్యోగం చెయ్యబోయే పిల్ల తమిళం నేర్చుకోకపోతే ఎట్లా? మాకు అన్నం పెట్టిన ఊరు అది, మా కాంపౌండులో మదురై ఆవిడ మాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది. మనం కూడా ఇక్కడ తెలంగాణలో 2018లో చట్టం చేసి అన్ని స్కూళ్ళలో తెలుగు తప్పనిసరి చేసుకున్నాం. నేను అనేది ఏంటంటే తమిళంతో పాటు వారానికి నాలుగు పీరియడ్లు తెలుగు చెప్పే టీచరు దొరికితే చాలు, పిల్లలకి రెండూ వస్తాయి, ఆ వయసులో మూడైనా వస్తాయి. టీచరు రిటైర్ అయితే ఆ పోస్టు మళ్ళీ నిండటం లేదంటున్నారు, అక్కడ తెగిపోతోంది. ఇంకోటి, ఇంగ్లీషు మీడియం మీద మోజు అక్కడా ఉంది ఇక్కడా ఉంది. మా అమ్మాయి ఇక్కడే హైదరాబాదులో పెరిగింది, తెలుగు పేపరు చదవమంటే కూడబలుక్కుని చదువుతుంది, తనే మీకు చెప్తుంది, అదిగో అక్కడే కూర్చుంది.

సాయంత్రం మైలాపూర్ వెళ్ళాం. రాయపేట హైరోడ్డులో 126 నంబరు ఇల్లు, పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలిన ఇల్లు, బులుసు సాంబమూర్తి గారిది. ఇప్పుడు స్మారక భవనం. పక్కనే లజ్ లో నాగేశ్వరరావు పార్కు, అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరు. ఆ స్మారక భవనం దగ్గర ఆ పిల్ల అడిగింది, పెద్దమ్మా ఈయన ఎందుకు చచ్చిపోయినాడు అని. తెలుగువాళ్ళకి ఒక రాష్ట్రం కావాలని అన్నాను. వచ్చిందా అంది. వచ్చింది, 1953లో, మద్రాసు లేకుండా వచ్చింది అన్నాను. మరి మేము అంది. ఎనిమిదో క్లాసు పిల్ల. గీత గీసినప్పుడు ఎక్కడో ఒకచోట గియ్యాలి, ఎటు గీసినా అవతల కొంతమంది ఉంటారు, మద్రాసు తమిళులకి చెందడం న్యాయమే అని నేను అనుకుంటాను. కానీ ఆ పిల్ల అడిగిన దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. రైలు టైం అయిపోతోందని ఆటో ఎక్కించి వాళ్ళింటి దగ్గర దింపాం.

రైల్లో మా అమ్మాయే అంది, అమ్మా నువ్వు రిటైర్ అయి ఇంట్లోనే ఉంటున్నావు కదా, వీడియో కాల్లో చెప్పు ఆ పిల్లకి అని. మొదలుపెట్టాం. ఆదివారం పొద్దున పదింటికి. ఇప్పుడు ఆ వీధి నుంచి ఇంకొందరు పిల్లలు కూడా కూర్చుంటున్నారు, ఒక్క ఫోను చుట్టూ. తమిళం చదవడం వచ్చిన పిల్లలకి తెలుగు చెప్పడం ఒక రకంగా తేలికండీ, గుణింతం అంటే ఏంటో వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కష్టం ఎక్కడొస్తుందంటే తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం, చూసి సందర్భాన్ని బట్టి పలుకుతారు. మనకి నాలుగు. అందుకని బాబు అని ఉంటే పాపు అని చదువుతారు, నోటితో మాట్లాడేటప్పుడు మాత్రం బాబు అని సరిగ్గానే అంటారు. ఒత్తులు ఇంకో తిప్పలు, మనం కింద రాస్తాం, వాళ్ళు పై అక్షరానికి చుక్క పెట్టి పక్కన రాస్తారు. నేను పాఠం పుస్తకం పెట్టుకోలేదు, ఆయన నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పంపమన్నాను, వాటితోనే చెప్తున్నాను. కాల్షీటు అన్న మాట ఆ పిల్ల తనంతట తను చదివేసింది.

(శ్రోతల్లోంచి ఒకరు: మేడం, మేమేం చెయ్యాలి చెప్పండి. డబ్బులు పోగు చేద్దామా?)

డబ్బు ఇప్పుడే వద్దండీ. మొదట మనుషులు కావాలి. మీలో తెలుగు చక్కగా చదవడం రాయడం వచ్చి, ఆదివారం ఒక గంట ఇవ్వగలిగినవాళ్ళు, టీచర్లే కానక్కర్లేదు. ఒకరికి ముగ్గురు పిల్లల కంటే ఎక్కువ వద్దు, ఫోన్లో కుదరదు. రెండోది, మీ చుట్టాలు, మీ నాన్నగారితో పనిచేసినవాళ్ళు ఎవరైనా వడపళని, సాలిగ్రామం, కోడంబాకంలో ఇంకా ఉంటే నాకు చెప్పండి, ఏ సందులో ఉంటారో చాలు. మూడోది, ఇట్లాంటి నోటుబుక్కులు, పాత యూనియను కార్డులు, బేటా చీటీలు మీ ఇళ్ళల్లో అటక మీద ఉంటాయి. పారెయ్యొద్దు. తేనక్కర్లేదు, ఫోటో తీసి పెట్టండి, ఏ సంవత్సరానిదో వెనక రాయండి.

(ఇంకొకరు: దసరా సెలవుల్లో వెళ్దామా మేడం, అందరం కలిసి?)

వెళ్దాం. దసరాకి అక్కడ స్కూళ్ళకి మనంత సెలవులు ఉండవు, అందుకని ముందు పూలక్క మనవరాలిని అడిగి తేదీ చూద్దాం. చార్మినార్లో టికెట్లు రెండు నెలల ముందే తెరుస్తారు, ఆలస్యం చేస్తే దొరకవు. పేర్లు రాయడానికి పుస్తకం మా అమ్మాయి దగ్గర ఉంది. వచ్చేవాళ్ళు పేరు, ఫోను నంబరు, అక్కడ ఏ వీధిలో ఉండేవాళ్ళో ఆ వీధి పేరు, మూడూ రాయండి. ఇందాక సాలిగ్రామం బాబాయి గురించి చెప్పిన అబ్బాయి ఎక్కడ? నువ్వు ముందు రా నాయనా.